తలలు మారిన బుడ్డోళ్లు

బెంగళూరు,
2023 ఆగస్టు 6, ఆదివారం

చిన్నాయనకు,

కృప రాస్తున్నది. డబ్బా విప్పగానే కనబడాలని ఈ కాగితం అన్నిటికంటే పైన పెట్టాను. ఫోను చేస్తే నీకు వినపడదు. మెసేజీ పెడితే చదవవు. "అయ్యన్నీ కంపెనీలోళ్లు పంపేటివి, చూడకుండానే కొట్టేస్తాండా" అని పోయినసారి నువ్వే అన్నావు. అందుకే పెన్ను పట్టుకున్నాను. బడి మానేశాక ఇంత పెద్ద ఉత్తరం రాయడం ఇదే మొదలు, తప్పులుంటే నవ్వద్దు.

చిన్నమ్మ పోయినప్పుడు ఆ సాయంత్రమే బస్సెక్కేశాను. మూడో రోజు దాకానైనా ఉండాల్సింది. ఆ సంగతి ఇంకెప్పుడైనా రాస్తాను.

ఇప్పుడు పని సంగతి. నేనూ కిరణూ పాత బొమ్మల వ్యాపారం పెట్టుకున్నామని నీకు తెలుసు. ఇక్కడి అపార్టుమెంట్లలో పిల్లలు పెద్దవాళ్లయితే వాళ్ల బొమ్మలు సంచులకొద్దీ అమ్మేస్తారు. మేము కొని, కడిగి, జత చేసి మళ్లీ అమ్ముతాము. వాటిలో బొటనవేలంత మనుషులుంటారు. మినీ ఫిగర్లంటారు. తల, టోపీ, మొండెం, చేతులు, కాళ్లు దేనికది ఊడుతుంది, మళ్లీ తగిలించుకోవచ్చు. ఇంక పిల్లలు ఊరుకుంటారా? పోలీసు తల తీసి వంటవాడి మొండేనికి పెడతారు, రాణి జుట్టు తీసి దొంగకు పెడతారు. ఎవరి తల ఎవరిదో, ఎవరి కాళ్లు ఎవరివో సరిగా కుదిర్చితేనే కొనేవాళ్లు కొంటారు. ఏ మనిషి ఎలా ఉండాలో రంగు కాగితాల మీద అచ్చు వేయించి డబ్బాలో పెట్టాను. నాకైతే చూసి చూసి కళ్లు తిరుగుతున్నాయి. కిరణ్‌కు ఓపిక లేదు.

నాకు నువ్వు గుర్తొచ్చావు. ముప్పై ఏళ్లు పాలిష్ ఫ్యాక్టరీలో బండ పక్కన బండ పెట్టి చార కలిసిందా, రంగు కలిసిందా అని చూసినవాడివి. రెండు నల్ల బండలు నాకు ఒకటే నలుపు. నీకు కాదు. ఆ మిషన్ల మోత నీ చెవులు తీసుకుపోయిందే గాని కళ్లు తీసుకుపోలేదు కదా. చూడు. కుదరకపోతే అలాగే తిప్పి పంపెయ్యి, ఏమీ అనుకోను.

టీపొడి కూడా పెట్టాను. వేళకు తిను.

నీ అన్న కూతురు
కృపాకుమారి


తాడిపత్రి,
2023 ఆగస్టు 27

పాపా కృపా,

డబ్బా చేరింది. బస్టాండులో పార్సిలు గుమాస్తా నా పేరు ఎన్నిసార్లు పిలిచాడో నాకేం తెలుసు! పక్కింటి జయరాముడు ఆటో ఆపి వచ్చి భుజం తట్టాడు. "ఏమప్పా మద్దిలేటన్నా, యాడికీ పోనోనికి బెంగళూరు నుంచి డబ్బా వచ్చినాదే!" అన్నాడు. వాని మూతి పెద్దది. ఏమన్నా పెదాలు చూసి చదువుకోవచ్చు.

ఆ చిన్న మనుషులకు నువ్వు ఇంగ్లీషు పేరు రాశావు. నేను బుడ్డోళ్లంటున్నాను. మీ చిన్నమ్మ కుట్టుమిషను ఉండిన బల్ల మీద అందరినీ కుమ్మరించి చూస్తే మొదటి రోజు భయమేసింది. ఒక్కడికీ సొంత తల లేదు.

రెండో రోజుకు దారి దొరికింది. పసుపు ఒకటి కాదు పాపా, మూడున్నాయి. పాతకాలపు పసుపు కొంచెం ముదురు, కొత్తది లేత. ఎండ తగిలినది ఇంకో రకం. తల ఎంత వెలిసిందో చేతులూ అంతే వెలిసి ఉంటే ఆ రెండూ ఒక మనిషివే, ఏళ్ల తరబడి ఒకే కిటికీలో నిలబడి ఉంటాయి. మొండేనికి పక్కల సన్నటి పగుళ్లుంటాయి, బండలో వెంట్రుక చార మాదిరి. వెలుగుకు ఎత్తి పట్టుకుంటేనే కనబడతాయి. తల పీకితే మెడ మీద గుండీ ఉంటుంది చూడు, దాని మీద కంపెనీ అచ్చు ఉంటే అసలు, లేకపోతే నకిలీ. నకిలీవాళ్ల చేతులు వదులు. ఏమి పట్టించినా జారవిడుస్తారు. వాళ్లను వేరే మూట కట్టాను.

ఇంకొకటి. పదకొండు తలలకు వెనకవైపు కూడా ముఖం అచ్చయిపోయింది. ముందు నవ్వు ముఖం, వెనక భయపడిన ముఖం. ఫ్యాక్టరీలో తల తిరగబడి అచ్చు రెండుసార్లు పడిందనుకుంటాను. అట్లాంటి సరుకు అమ్మితే నీకు మాట వస్తుంది. అందుకని వెనక ముఖాన్ని ఉప్పు కాగితంతో సన్నగా రుద్ది, మా పాలిష్ పొడి వేసి మెరుగు పెట్టాను. ఒక్కో తలకు గంట పట్టింది. ఇప్పుడు వెనకవైపు అద్దమే. చూసి చెప్పు.

నాకిక్కడ లోటేమీ లేదు. మధ్యాహ్నం జయరాముని ఇంట్లో సంగటి తింటాను. సాయంత్రమైతే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు, లేవమన్నా లేవరు. డబ్బా అడుగున పోయినేటి శెనిక్కాయలు పెట్టాను. కిరణ్‌ను అడిగినానని చెప్పు.

మీ చిన్నాయన
మద్దిలేటి


బెంగళూరు,
2023 సెప్టెంబరు 10

చిన్నాయనా,

ఎలా రాయాలో తెలియక రెండు రోజులు ఆగాను. నువ్వు కుదిర్చిన మనుషులు చాలా బాగున్నారు. ఆ మూడు పసుపుల సంగతి మాకు ఇన్నాళ్లూ తెలియనే తెలియదు.

కాని ఆ రెండు ముఖాలు తప్పు పడిన అచ్చు కాదు. కంపెనీవాళ్లే అలా చేస్తారు. పిల్లలు ఆడుకునేటప్పుడు తల ఇటు తిప్పితే నవ్వుతాడు, అటు తిప్పితే భయపడతాడు. జుట్టో టోపీయో తగిలిస్తే వెనక ముఖం కనబడదు. ముందే చెప్పకపోవడం నా తప్పు. ఆ పదకొండు తలలూ పక్కన పెట్టేశాను. పోనీలే.

కిరణ్ కొంచెం విసుక్కున్నాడు. "పని తెలిసినోళ్లకియ్యల్ల, ఇంట్లోవాళ్లకిస్తే ఇట్లే ఉంటాది" అన్నాడు. నువ్వు మనసులో పెట్టుకోకు, అతనిది నోటి దూకుడే. ఇకమీదట నీకు తెలియనివి ముట్టుకోకుండా విడిగా పెట్టు, చాలు.

రెండో డబ్బా పంపుతున్నాను. శెనిక్కాయలు వచ్చిన రోజే అయిపోయాయి.

కృప


తాడిపత్రి,
2023 అక్టోబరు 15

చిరంజీవి కృపాకుమారికి,

మద్దిలేటి రాయునది. డబ్బా తిప్పి పంపాను. తెలిసినవి కుదిర్చాను. తెలియనివి ముట్టుకోలేదు. యాభైమూడు మంది తెలియనివాళ్లుగా తేలారు, నీలం కవరులో ఉన్నారు. రెండు ముఖాలవాళ్లందరికీ రెండు ముఖాలూ ఉన్నాయి, సరిచూసుకో. పని తెలిసినవాళ్లు దొరికితే మీ ఆయన వాళ్లతోనే చేయించుకోవచ్చు. నాకు ఇక్కడ పనులున్నాయి.

మద్దిలేటి


బెంగళూరు,
2024 జనవరి 21

చిన్నాయనా,

నువ్వు రాసి మూడు నెలలైంది. కోపం పోయిందా?

నీలం కవరులోని యాభైమూడు మందినీ నేనే కుదిర్చాను. నాకే తెలిసిపోయేంత సులువు. బండ మీద వెంట్రుక చార చూసేవాడికి వంటవాడి టోపీ వంటవాడిదని తెలియదా? కోపంతోనే వదిలేశావు. కిరణ్ మాట నీకు రాయడం నా బుద్ధి తక్కువ. రాసేటప్పుడు తోచలేదు, నీ నాలుగు ముక్కలు చదివాక తోచింది.

మేము బాగున్నాము. పని ఎక్కువై రాయలేకపోయాను. కిరణ్ వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతున్నాడు. మూడో డబ్బా పంపుతున్నాను. తొందరేమీ లేదు, నీ వీలు చూసుకుని చెయ్యి. ఉత్తరం మాత్రం పెద్దది రాయి. పోయినసారిది కరెంటు ఆఫీసు నోటీసులా ఉంది. ఏం తిన్నావో, ఎవరితో పోట్లాడావో, కొళాయి ఎన్ని రోజులకు వస్తున్నదో, ఏదైనా సరే. తలలు తప్పు పెట్టినా కిరణ్ ఏమీ అనడు. అది నేను ఖాయంగా చెప్పగలను.

కృప


తాడిపత్రి,
2024 ఫిబ్రవరి 18

పాపా కృపా,

కోపం ఉండింది. ఇప్పుడు లేదు. ముప్పై ఏళ్లు నా చేతి మెరుగును తప్పన్నవాడు లేడు, అందుకని గుచ్చుకుంది.

పెద్దది రాయమన్నావు కదా, విను. కొళాయి అయిదు రోజులకొకసారి వస్తున్నది. వచ్చిన చప్పుడు నాకు తెలియదు. అందుకని పంపు కింద ఖాళీ బిందె పెట్టి, దాన్ని చూస్తూ వాకిట్లో కూర్చుంటాను. మొన్న కునుకు పట్టింది. లేచేసరికి బిందె నిండి, వాకిలి నిండి, నీళ్లు వీధిలోకి పోతున్నాయి. ఎదురింటి నాగలక్ష్మమ్మ చేతులు తిప్పుతూ తిడుతోంది. "ఊరంతా గొంతెండి చస్తాంటే నువ్వు వీదికి నీళ్లు పెడ్తాండావా!" అన్నదనుకుంటాను. ఇంకా చాలా అన్నది గాని నేను అందుకోలేకపోయాను. ఎండలు అప్పుడే మొదలైనాయి. ఫ్యాక్టరీల తెల్లదుమ్ము గాలికి లేచి వచ్చి ఆరేసిన పంచె మీద పడుతుంది. మీ చిన్నమ్మ ఉంటే రెండుసార్లు దులిపి మడిచేది. నేను ఒకసారి దులుపుతాను.

మూడో డబ్బా విచిత్రంగా ఉంది. అందరూ కుదిరారు. ఒక్క తల ఎక్కువ కాలేదు, ఒక్క చెయ్యి తక్కువ కాలేదు, నకిలీవాడు ఒక్కడూ లేడు. మునుపు రెండుసార్లూ అట్లా కాలేదు. ఇంత పద్ధతైన ఇల్లు ఎవరిదో!

వాళ్లందరినీ బల్ల మీద నిలబెట్టి ఒక మధ్యాహ్నమంతా చూశాను. వీళ్ల చేతులు ఏదో పట్టుకోవడానికే వంగి ఉంటాయి పాపా. చీపురో, కప్పో, దీపమో. కాని వస్తువులన్నీ నువ్వు వేరే కవరులో వేసి పంపుతావు. చేతులు మాత్రం అట్లే వంగి ఉంటాయి. నేను ఒక్కొక్కరికీ ఏదో ఒకటి పట్టించి పంపుతున్నాను. తప్పయితే తీసెయ్యి.

కిరణ్ ఊళ్లు తిరుగుతున్నాడన్నావు. అనంతపురం దాకా వస్తే తాడిపత్రి ఎంతసేపు? ఒకసారి దిగమను. తలల సంగతిలో నా మీద ఇంకా కోపంగా ఉన్నాడా? నాకు అదే అనిపిస్తోంది. లేకపోతే ఇన్నాళ్లలో ఒక్క ముక్క అయినా కింద రాయడా, చిన్నాయనా బాగుండావా అని? నువ్వు అడగలేకపోతే నేనే అతనికి వేరే ఉత్తరం రాస్తాను.

మీ చిన్నాయన
మద్దిలేటి


బెంగళూరు,
2024 మార్చి 24

చిన్నాయనా,

కిరణ్‌కు వేరే ఉత్తరం వద్దు. అతనికి తెలుగు చదవడం అంతగా రాదు. నీ మీద కోపమేమీ లేదు, ఆ మాట వదిలెయ్యి.

నువ్వు పట్టించిన వస్తువులు ఏవీ తీయలేదు.

ఇక్కడ కూడా ఈ ఏడు నీళ్లకు కటకటగా ఉంది. బోర్లు ఎండిపోయాయి. ట్యాంకరు వస్తే మెట్ల మీద బిందెల వరస. మన ఊరు వదిలి ఇంత దూరం వచ్చినా బిందె తప్పలేదు.

నాలుగో డబ్బా పంపుతున్నాను. పోయినసారి లాగే పెద్దది రాయి.

కృప


తాడిపత్రి,
2024 ఏప్రిల్ 14

కృపాకుమారికి,

డబ్బా ఎట్లా వచ్చిందో అట్లే తిప్పి పంపుతున్నాను. ఎవరినీ కుదిర్చలేదు.

హెల్మెట్ పెట్టుకుని ఒక ఫైరింజను మనిషి ఉన్నాడు. హెల్మెట్ తీశాను. వెనక తల అద్దం మాదిరి మెరిసింది. పోయినేడు ఆగస్టులో నేను పదకొండు తలలని రాశాను. పన్నెండు. మొట్టమొదటి దాన్ని ఎట్లా వస్తుందో చూద్దామని రుద్ది, హెల్మెట్ పెట్టేసి, తర్వాత లెక్క వేసేటప్పుడు మరిచిపోయాను. మిగతావి నువ్వు ఏరి పక్కన పెట్టావు. వీడు హెల్మెట్ కింద దాక్కున్నాడు. పోయిన డబ్బాలో కూడా హెల్మెట్ తీయకుండానే తల కుదిర్చేశాను. నా చేతి మెరుగు నాకు తెలియదా?

అప్పుడు తక్కినవాళ్లను వెలుగుకు పట్టి చూశాను. పగుళ్లు, గీతలు, వెలిసిన చేతులు. అందరూ తెలిసినవాళ్లే. నేను కుదిర్చినవాళ్లను నువ్వు విప్పి, కలిపి, నాకే పంపుతున్నావు. మూడో డబ్బాలో ఒక్క తల ఎక్కువ తక్కువ కాకపోవడం ఎందుకో ఇప్పుడు అర్థమైంది. పద్ధతైన ఇల్లు ఎవరిదో అని రాశాను. ఎంత పిచ్చివాణ్ణి!

ఏడ్చే పిల్లకు బియ్యం, కందిపప్పు కలిపి ఏరమని ముందు పెడతారు. అట్లా పెట్టావా నాకు? చెవిటోడు, పెండ్లాం పోయినోడు, ఏదో ఒకటి ఇచ్చి కూర్చోబెడదామని? నేను నీకు పని చేసి పెడుతున్నాననుకున్నాను. నిద్ర లేస్తే ఒక పని ఉందనుకున్నాను. నేను రాసిన పెద్ద పెద్ద ఉత్తరాలు చదివి మొగుడూ పెండ్లాలిద్దరూ నవ్వుకున్నారా?

ఇంక పంపొద్దు.

మద్దిలేటి


బెంగళూరు,
2024 మే 19

చిన్నాయనా,

నవ్వుకోవడానికి ఇంట్లో ఇద్దరం లేము.

కిరణ్ పోయిన నవంబరులో వెళ్లిపోయాడు. నాతో బతకడం కుదరదన్నాడు. ఒక శనివారం వ్యాను తెచ్చి బొమ్మలన్నీ ఎక్కించుకుపోయాడు. ఇంకొకరితో ఉంటున్నాడని తర్వాత తెలిసింది. గొడవలు అంతకు ఏడాది ముందు నుంచే ఉన్నాయి. చిన్నమ్మ పోయిన రోజు నేను ఒక్కదాన్నే వచ్చాను కదా. శవం దగ్గర కూర్చుంటే వచ్చినవాళ్లంతా చిన్నమ్మను చూసి ఏడ్చి, వెంటనే నా వైపు తిరిగి "మొగుడు రాలేదేమ్మా?" అన్నారు. ఏడుగురు అడిగారు. ఎనిమిదో మనిషి అడిగేలోపు బస్సెక్కేశాను. నిన్ను ఆ ఇంట్లో వదిలేసి వచ్చాను. అది నీకు చెప్పలేక, కిరణ్ సంగతి కూడా చెప్పలేకపోయాను.

ఇప్పుడు బొమ్మనహళ్లిలో ఒక గదిలో ఉంటున్నాను. బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ పని. కుట్టిన చొక్కాలకు గుండీలు సరిగా ఉన్నాయా, దారాలు వేలాడుతున్నాయా అని చూడాలి. అందరూ వేగంగా కన్నడంలో మాట్లాడుకుంటారు, మిషన్లు ఆగగానే ఎవరిళ్లకు వాళ్లు పరుగెత్తుతారు. ఆదివారం నోరు తెరవడానికి కారణమే ఉండదు. ఒక ఆదివారం సాయంత్రం అంగట్లో పాలపాకెట్టు అడిగితే నా గొంతు నాకే కొత్తగా వినబడింది. పొద్దుటి నుంచి అదే మొదటి మాట.

రెండో డబ్బాలో నువ్వు తిప్పి పంపిన సంచీ ఒక్కటే మంచం కిందికి జారి కిరణ్ కంటపడలేదు. మొదటిదాంట్లో అమ్ముడుపోనివాళ్లు కూడా అందులోనే ఉన్నారు. వాళ్లు తప్ప నా దగ్గర బొమ్మలు లేవు. జనవరిలో ఒక ఆదివారం వాళ్లను విప్పాను. తల పీకుతుంటే టక్కుమని చప్పుడవుతుంది, అది నీకు తెలియదు. నువ్వు గంటలు కూర్చుని కుదిర్చిన మనుషులను ఒక్కొక్కరినే పీకుతుంటే ఏదో పాపం చేస్తున్నట్టే ఉండింది. అయినా చేశాను. మార్చిలో నువ్వు పట్టించిన వస్తువులు కూడా తీసేసి, తీయలేదని నీకు రాశాను. డబ్బా పంపితే నువ్వు రాస్తావు. ఊరికే రాస్తే "ఏమైంది పాపా?" అంటావు. అడిగితే చెప్పాలి.

నీకు పని కల్పించాలని కాదు చిన్నాయనా. నీ మీద జాలి పడేంత దానినా నేను? నాకు ఉత్తరం కావాలి, అంతే. బిందె నిండి వీధిలోకి నీళ్లు పోయిన ఉత్తరం ఎన్నిసార్లు చదివానో! నువ్వు నవ్వుకున్నారా అని అడిగావు. నవ్వాను. ఒక్కదాన్నే నవ్వాను.

కింద నా గది అడ్రసు రాస్తున్నాను. రాయకపోయినా తప్పు పట్టను.

కృప


తాడిపత్రి,
2024 మే 26

పాపా,

నవ్వుకున్నారా అని రాసిన మాట ఉంది చూడు, ఆ ఉత్తరం ఇంకా ఉంటే తీసి, దాని మీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టు. కాగితం చిరిగినా ఫర్వాలేదు.

నేనూ నీకు నిజం రాయలేదు. జయరాముని ఇంట్లో సంగటి తిన్నది ఒక్క రోజు, వాళ్ల ఇంట్లో ఏదో పండగకు. సాయంత్రం నా దగ్గర వచ్చి కూర్చునేవాళ్లు ఎవరూ లేరు. చెవిటోని దగ్గర ఎంతసేపని కూర్చుంటారు? మొదట్లో వచ్చేవాళ్లు. అరిచి అరిచి అలసిపోయారు. నాకు పనులున్నాయని రాసిన రోజు ఏ పనీ లేదు.

ఇంకొకటి కూడా చెబుతాను. డబ్బా వస్తే నాలుగు రోజుల్లో అయిపోతుంది. కాని మూడు వారాలకు గాని తిప్పి పంపేవాణ్ణి కాదు. అయిపోయినాక వాళ్లు బల్ల మీద నిలబడి ఉంటే నేను ఇటువైపు కూర్చుని అన్నం తినేవాణ్ణి. ఎవరికీ చెప్పుకునే మాట కాదు ఇది.

మీ నాయన జాకబ్ ఉండి ఉంటే ఈ పాటికి బెంగళూరు వచ్చి ఆ కిరణ్ కాలరు పట్టుకుని ఉండేవాడు. నాకు ఆ శక్తి లేదు. అతను ఏమి చెప్పుకున్నా నాకు వినపడదు కూడా. నువ్వే రా. రెండు రోజులు సెలవు అడుగు. ఊళ్లో వాళ్లు అడుగుతారనేగా నీ భయం? అడగనీ. నన్ను అడిగితే నాకు వినపడదు. నిన్ను అడిగితే నీకు తోస్తే చెప్పు, తోయకుంటే ఇంట్లోకి వచ్చి తలుపేసుకో. ఈ ఇంటి తలుపు ఎవరు కొట్టినా తెరవరని అందరికీ తెలుసు.

మీ చిన్నాయన


బెంగళూరు,
2024 జూన్ 23, ఆదివారం

చిన్నాయనా,

క్షేమంగా చేరాను. బస్సు మలుపు తిరిగే దాకా నువ్వు చెయ్యి ఎత్తే ఉంచావు. నేను కిటికీ నుంచి అరిచాను. అరిచాక గుర్తొచ్చింది.

నువ్వు లోపల సంగటి గెలుకుతున్నప్పుడు వాకిట్లో ఒకటి జరిగింది. అప్పుడు చెప్పలేదు. నాగలక్ష్మమ్మ పెద్దమ్మ వచ్చింది.

"ఏమ్మే, ఒక్కదానివే వచ్చినావా? మొగుడేడి?"

నాకు కాళ్లు లోపలికి లాగాయి. లోపల తలుపూ ఉంది, నువ్వూ ఉన్నావు. అయినా నిలబడ్డాను.

"ఇడిసిపెట్టి పోయినాడు పెద్దమ్మా. ఏడు నెల్లాయ."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. ఇంక ఊరంతా చెబుతుందనుకున్నాను. చెప్పే ఉంటుంది. కాని అప్పుడు మాత్రం, "కడుపుకేమన్న తిన్న్యావా? గోంగూర నూరినా, తెస్తానుండు" అని వెళ్లిపోయింది. మనం తిన్న గోంగూర అదే. నువ్వు కొన్నావనుకున్నావా?

రెండు రోజులూ మనం మాట్లాడుకున్నది తక్కువే. నీ ముఖంలోకి చూస్తూ ఒక్కో మాటా విడదీసి నిదానంగా అనాలి. అలా అంటుంటే అబద్ధం చెప్పడం ఎంత కష్టమో తెలిసింది. "బాగున్నాను" అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను, నువ్వు చూశావు. సంగటి ముద్ద ఇంకొకటి వేశావు.

నేను తెచ్చిన సంచీ బల్ల కింద అలాగే ఉండిపోయింది. మళ్లీ కుదిర్చి పంపొద్దు. ఎవరైనా పిల్లలకు ఇచ్చెయ్యి.

గదికి వచ్చాక తాళం తీయబుద్ధి కాలేదు. మెట్ల మీద కాసేపు కూర్చుని తీశాను. ఇవాళ పొద్దున బట్టలు ఉతికాను. అన్నంలోకి టమాటా చారు కాచాను, ఉప్పు ఎక్కువైంది. పక్కగది అమ్మాయి పేరు హేమ అట, ఆరు నెలల తర్వాత ఇవాళ అడిగాను. దావణగెరె వైపు అమ్మాయి. చారు కొంచెం ఇచ్చాను, ఉప్పు సంగతి ఆమె అనలేదు.

చెప్పాల్సింది ఏమీ లేదు చిన్నాయనా. ఊరికే రాశాను.

కృప


తాడిపత్రి,
2024 జులై 3

పాపా కృపా,

నీ ఉత్తరం పోస్టుమాను తలుపు సందులో నుంచి లోపలికి తోసి పోయాడు. ఎప్పుడు తోశాడో తెలియదు. నీళ్ల చెంబు కోసం లేస్తే కాలికి తగిలింది.

బుడ్డోళ్లను వెనక వీధి పిల్లలకు ఇచ్చాను. అర్ధగంటలో తలలన్నీ మార్చేశారు. ఫైరింజను మనిషికి రాణి జుట్టు పెట్టారు. నా చెయ్యి ముందుకు పోయింది గాని మళ్లీ వెనక్కి తీసుకున్నాను. అట్లే ఉండనీ అనుకున్నాను.

నువ్వు పోయిన రోజు బల్ల ముందు కూర్చున్నాను. బల్ల మీద ఏమీ లేదు. మరుసటి రోజూ కూర్చున్నాను. అలవాటు. నిన్న జయరాముడు వచ్చి, ఆటోలో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బస్టాండు దాకా తీసుకుపోయి తీసుకొచ్చాడు. ఎందుకని అడిగితే, "ఊరికేన్నా, రా, తిరిగొద్దాం" అన్నాడు. నాగలక్ష్మమ్మ ఏమైనా చెప్పి పంపిందేమో తెలియదు. ఆమె గోంగూర అని తెలియక నేను గిన్నె కడిగి మన గూట్లో పెట్టుకున్నాను. ఇప్పుడు తిప్పి ఇయ్యాలి.

పొద్దున్నే సంగటి, మధ్యాహ్నం నిన్నటి చారు. మోకాలు నొప్పి అట్లే ఉంది. ఇంతకంటే విశేషాలు లేవు.

ఇక్కడ రోజూ సాయంత్రం మబ్బు పట్టి, గాలి లేచి, తేలిపోతోంది. మీ వైపు వానలని పేపర్లో వేశారు. అక్కడ పడితే రాయి. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు పడింది, చప్పుడు ఎట్లా ఉండింది, అన్నీ రాయి.

మీ చిన్నాయన
మద్దిలేటి